మంచు ఎత్తి ఎక్కడ పోయాలి?

2016 జనవరి 22, శుక్రవారం మధ్యాహ్నం వర్జీనియాలోని మా ఆష్‌బర్న్‌లో మొదలైన మంచు శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తెరిపి లేకుండా కురిసింది. మాకు దగ్గరలోని డల్లెస్ విమానాశ్రయంలో 29.3 అంగుళాలు నమోదయింది. అంతకు రెండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, ఒక్క అంగుళం మంచుకే వాషింగ్టన్ చుట్టుపక్కల రోడ్లు గాజుపలకల్లా గడ్డకట్టి మమ్మల్నందరినీ గంటల తరబడి కార్లలో కూర్చోబెట్టాయి కనుక, ఈసారి ఎవరూ ధీమాగా లేరు. మెట్రో రైళ్లను శని, ఆదివారాలు పూర్తిగా ఆపేస్తామని ముందే ప్రకటించారు. పెద్ద దుకాణాల్లో పాలు, బ్రెడ్డు ఖాళీ అయితే, మన సరుకులు అమ్మే కొట్లో పెరుగు డబ్బాలు, కొత్తిమీర ముందుగా మాయమయ్యాయి.

అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆదివారం ఉదయం ఎండ పెళపెళలాడుతుండగా కిటికీ తెర తీసి, నడుము లోతున నిండిన వాకిలిని చూసి, "ఇదంతా ఎత్తి ఎక్కడ పోస్తార్రా?" అని అడిగింది. అది ఎంత గట్టి ప్రశ్నో పార పట్టాక గాని నాకు తెలియలేదు.

మావి ఒకదానికొకటి ఆనుకుని ఉన్న టౌన్‌హౌస్‌లు. ఒక్కో ఇంటి ముందు ఒక కారు పట్టే చోటు, పక్కన చాప వెడల్పున గడ్డి, అంతే. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీరవుతుందన్న లెక్కన చూస్తే, ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న ఆ చోటులోనే టన్నుకు పైగా బరువుంది. తొలి గంటలో ఉత్సాహంగా నేను ఎత్తిపోసినదంతా ఎడమవైపు గడ్డి మీదికి, నిజం చెప్పాలంటే పక్కింటివాళ్ల నడకదారి మీదికి పోయింది. ఆ ఇంటాయన బయటికి వచ్చి ఒక్క మాట కూడా అనకుండా దాన్ని చిన్నపిల్లలు మంచు మీద జారే స్లెడ్ బండి మీద పోసుకుని, వీధి చివరి ఇంటి పక్కనున్న ఖాళీ స్థలానికి లాక్కెళ్లడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో స్లెడ్ లేదు కనుక చెత్త రీసైక్లింగ్ డబ్బా పట్టుకుని ఆయన వెనకాలే నడిచాను. మధ్యాహ్నానికి ఎనిమిది ఇళ్లవాళ్లం అదే దారిలో ఉన్నాం. పాత దుప్పట్లు, బట్టల బుట్టలు, ఎవరికి దొరికింది వారు తెచ్చారు.

ఎదురింటి పెద్దాయనది మరో ధ్యాస. ఆయన పార తీసుకుని ముందుగా ఇళ్ల గోడల దగ్గరికే వెళ్లాడు. గ్యాసు హీటరు పొగ బయటికి వదిలే తెల్లటి గొట్టాలు కొన్ని ఇళ్లలో నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉంటాయి. అవి మంచులో పూడిపోతే హీటరు ఆగిపోవచ్చు, లేదా విషవాయువు ఇంట్లోకే మళ్లవచ్చు. ఆ తుపానులోనే న్యూజెర్సీలోని పసాయిక్‌లో, తండ్రి బయట మంచు తీస్తుండగా తల్లీపిల్లలు చలి కాచుకోవడానికి ఇంజిను వేసిన కారులో కూర్చుంటే, పొగగొట్టం మంచుతో మూసుకుపోయి ఒక తల్లి, ఏడాది బాబు చనిపోయారు. ఆ కబురు తెలిశాక మా వీధిలో తలుపు తట్టి గొట్టాలు చూసుకున్నారా అని అడగని ఇల్లు లేదు. ఆ పెద్దాయన, మంటలార్పేవాళ్లు నీళ్లు పట్టుకునే ఫైర్ హైడ్రెంటు చుట్టూ కూడా తవ్వి వచ్చాడు, అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రం మంచు తీసే ట్రక్కు వచ్చి, మేము శుభ్రం చేసిన ప్రతి వాకిలి ముందూ మోకాటి ఎత్తున గట్టు కట్టి వెళ్లింది. దాన్ని మించిన నిస్పృహ నాకు ఈ దేశంలో ఎదురు కాలేదు. అమ్మ అల్లం టీ పెద్ద గిన్నెలో కాచి, కాగితపు కప్పులతో గుమ్మంలో నిలబడింది. ఇంగ్లీషు రాకపోయినా ఆవిడ ఆ రోజు మా వీధిలో అందరితోనూ మాట్లాడింది.

ఖాళీ స్థలంలో మేము పోసిన గుట్ట మొదటి అంతస్తు కిటికీలను అందుకుంది. ఆ వీధి చివరి ఇంటివాళ్లకు వారాల పాటు వెలుతురు తగ్గినా ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఫిబ్రవరిలో అమ్మ తెనాలి వెళ్లేనాటికి అది ఇంకా అక్కడే నల్లబడుతూ ఉంది. ఫోను చేసినప్పుడల్లా ముందుగా దాని సంగతే అడిగేది.