ఎనిమిదో ఫిల్టర్

27 జనవరి 2021, బుధవారం

పొద్దున ఐదింటికే లేచి ఫిల్టర్లు కడిగాను. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి పేషెంటుకిచ్చే కరెంటు మెషీన్, గాలి పీల్చుకునే చోట దుమ్ము లోపలికి పోకుండా పెట్టే అరచేయంత నల్ల స్పాంజి ముక్కలు. వారానికోసారి సబ్బునీళ్ళలో కడిగితే చాలని మాన్యువల్లో రాసినవాడు ఆఫ్రికాలోని ఈ మలావీలో మా వార్డు వెనక పొయ్యిలు చూసి ఉండడు, ఇక్కడ మూడో రోజుకే మసి పట్టి అట్టలాగా అయిపోతాయి. పనిచేసే మెషీన్లు ఎనిమిది, ఫిల్టర్లు రెండు సెట్లు, ఒకటి మెషీన్లలో ఉంటే ఒకటి తీగ మీద ఆరుతుంటుంది. తొమ్మిదో మెషీన్ కూడా ఉంది, ఎవరో మంచి మనసుతో పంపిందే, కాకపోతే అది 110 వోల్టులది, ఇక్కడ వచ్చేది 230, అందుకని స్టోర్‌రూంలో కూర్చుంది.

తీగ నాది కాదు, గార్డియన్లది. వాళ్ళ చిటెంజేల మధ్య ఎనిమిది స్పాంజీలకూ క్లిప్పులు పెట్టి వార్డుకెళ్ళాను. చిటెంజే అంటే రంగురంగుల గుడ్డ, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకుంటారు, బిడ్డను వీపున కట్టుకుంటారు, ఇప్పుడు బజార్లో కొట్ల అరుగుల మీద కుట్టు మిషన్లు పెట్టుకున్న టైలర్లంతా దాంతోనే మాస్కులు కుడుతున్నారు.

గార్డియన్ అంటే పేషెంటు వెంట వచ్చే మనిషి. మలావీలో ఏ ఆస్పత్రికెళ్ళినా వంట, బట్టలుతకడం, స్నానం చేయించడం, రాత్రి నర్సును లేపడం, అన్నీ వాళ్ళే. మన పెద్దాసుపత్రుల్లో పేషెంటు తాలూకు వాళ్ళు మెట్ల మీద పడుకుంటారు కదా, వీళ్ళకు కాస్త నయం, ఆవరణలో వండుకోడానికి షెడ్డు ఉంటుంది. పోయినేడాది ఏప్రిల్ 2న దేశంలో మొదటి మూడు కేసులు బయటపడగానే మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే కోవిడ్ వార్డు నుంచి గార్డియన్లను బయటికి పంపేయడం. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. రాత్రికి ఒక్క నర్సు, ఆస్పత్రిలో కిచెన్ అనేది మొదట్నుంచీ లేదు, మరి ముద్ద పెట్టేదెవరో, మంచం మీద బోర్లా తిప్పేదెవరో ఆ కాగితంలో లేదు. జులైలో ఒకాయన ముక్కులో గొట్టం పీకేసి తెల్లారేసరికి వెళ్ళిపోయాడు, గొట్టం పెట్టినవాళ్ళంతా చచ్చిపోతున్నారని ఊళ్ళో అనుకుంటున్నారట. లోపల ఏం జరుగుతుందో చూసి చెప్పే మనిషి లేకపోతే ఇంకేమనుకుంటారు? అప్పుడు పేషెంట్లు తక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాం.

డిసెంబర్లో జోని బస్సులొచ్చాయి. జోని అంటే జొహానెస్‌బర్గ్, మా జగిత్యాల వైపు దుబాయ్ ఎలాగో వీళ్ళకు అది అలాగ, క్రిస్మస్‌కి కొడుకు ఇంటికి రాకపోతే తల్లికి పండగే కాదు. కొత్త వేరియంట్ కూడా ఆ దారినే వచ్చింది. ఈ నెల 12న ఒక్కరోజే ఇద్దరు మంత్రులు పోయారు, స్కూళ్ళు మూశారు, మాకు పాత టీబీ వార్డులో పద్నాలుగు మంచాలూ నిండాయి. టీబీ వార్డునే ఎంచుకోవడంలో మా తెలివేం లేదు, కిటికీలు పెద్దవి, మిగతా వార్డులకు దూరం, అంతే. మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్దావిడ, ఒకరోజు ఎవరినీ అడక్కుండా కొత్త రూలు పెట్టేసింది: పేషెంటుకు ఒక్క గార్డియన్, మనిషి మారడానికి లేదు, మాస్కు తీయడానికి లేదు, పొయ్యి కూడా విడిగా ఈ వార్డు వెనకే. నా మసి గోల అక్కడినుంచి మొదలైంది గానీ ఆవిడ చేసిందే కరెక్టు.

ఇది వానల కాలం కూడా, అంటే మలేరియా కాలం. పిల్లల వార్డులో మంచానికిద్దరు. జ్వరమంటూ వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు మలేరియా టెస్టు, అది పాజిటివ్ వచ్చినా వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడాల్సిందే, రెండూ ఉన్నవాళ్ళు కూడా వస్తున్నారు. మూడు మెషీన్లు పిల్లల దగ్గరే, వాటిని అడగడానికి ఎవరికీ నోరు రాదు.

తొమ్మిదో మంచం ఆయన తెల్లవారుజామున పోయారు. భార్య చిటెంజే మడిచి చంకన పెట్టుకుని గిన్నెలు పక్కామెకిచ్చి వెళ్ళింది.

మధ్యాహ్నం రెండున్నరకి గాలివాన, కరెంటు పోయింది. అది తెలియడానికి లైట్లు చూడక్కర్లేదు, మెషీన్ల బుస్సు ఆగి అలారం మోగుతుంది. మామూలుగా రెండు నిమిషాల్లో జనరేటర్ వేస్తాను, ఇవాళ బ్యాటరీ టెర్మినల్ వదులై స్టార్ట్ కాలేదు. నిన్న చూడాల్సింది, చూడలేదు. స్పానర్ కోసం పరిగెత్తి, బిగించి, స్టార్ట్ చేసేసరికి తొమ్మిది నిమిషాలు. పరిగెత్తుకుంటూ వార్డుకొస్తే, గోడకు గొలుసుతో కట్టిన పెద్ద సిలిండర్ దగ్గర నాలుగో మంచం గార్డియన్ ముసలావిడ సిలిండర్ తిప్పే తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చూపే ఫ్లోమీటర్లో బంతి సరిగ్గా ఐదు దగ్గర ఊగుతోంది. నర్సు మిగతావాళ్ళను బోర్లా పడుకోబెట్టడంలో ఉంది. పోయినవారం నేనే ముగ్గురు గార్డియన్లకు ఇక్కడి భాష చిచేవాలో, నాకు వచ్చీరాని దాంట్లోనే, నేర్పాను, త్సెగులాని అంటే తెరవండి, పాంగోనో పాంగోనో అంటే మెల్లమెల్లగా. సిలిండర్లు రెండే ఉన్నాయి, ఒక్కోదాంట్లో 6,800 లీటర్లు, నిమిషానికి పది పోతే పదకొండు గంటల్లో ఖాళీ, అందుకే ధారాళంగా తిప్పొద్దని పదిసార్లు చెప్పాను. ఆవిడ నన్ను చూసి “మాగెట్సీ?” అని చెయ్యి తిప్పింది, కరెంటేదయ్యా అని. వచ్చింది అమాయీ అన్నాను. ఇక్కడ అమాయి అంటే అమ్మ, డెబ్భై ఏళ్ళావిణ్ణి అమ్మాయీ అన్నట్టు వినిపించి నాకు రెండేళ్ళయినా నవ్వాగదు, ఇవాళ మాత్రం రాలేదు.

సాయంత్రం ఇంటి నుంచి ఫోన్.

“ఏం తిన్నవ్ బిడ్డా?”

“గట్క తిన్నానే అమ్మా.” అబద్ధం కాదు, వీళ్ళ న్సీమా అచ్చం మన మక్క గట్కే, కాస్త గట్టిది.

“ఈడ డాక్టర్లకు, నర్సులకు టీకాలిస్తుండ్రు, టీవీల జూపిస్తుండ్రు. మీకిచ్చిండ్రా?”

“ఇంకా రాలేదమ్మా.”

“అయితే వచ్చేయ్.” ఫ్లయిట్లు, సెలవు, ఏదో చెప్పి పెట్టేశాను.

ఫిల్టర్లు గుర్తొచ్చింది అప్పుడే. తీగ ఖాళీ. వాన మొదలవగానే ఆడవాళ్ళు గుడ్డలతోపాటు వాటినీ తీసి షెడ్డులో ఒక గంపలో వరసగా పేర్చారు, లెక్కపెడితే ఏడు. ఎనిమిదోది ఎవరినడిగినా తెలీదన్నారు. టార్చి వేసుకుని వెతికితే కొళాయి దగ్గర, పొద్దున్నే కొత్తగా వచ్చిన అమ్మాయి దాంతో న్సీమా గిన్నె అడుగు తోముతోంది, గిన్నె మాత్రం తళతళలాడుతోంది. ఏమనాలో తెలీక నా గదికెళ్ళి అంట్లు తోముకునే పీచు తెచ్చి ఆమెకిచ్చి నాది తీసుకున్నాను. ఒక మూల చిరిగింది. సూదీ దారం ఉంటే కుట్టొచ్చేమో, పొద్దున టైలర్‌ని అడగాలి.