కుక్క దగ్గుకు సిరప్ అడిగేవాళ్లకు

అనంతపురం కమలానగర్‌లో మాది చిన్న మెడికల్ షాపు. చలి మొదలైతే చాలు, పిల్లల దగ్గు మందులతో పాటు ఇంకో బేరం కూడా వస్తుంది. "అక్కా, మా టామీగానికి దగ్గు. పిల్లోళ్ల సిరప్పే ఒకటియ్యి, సగం మూత పోస్తాం." నేను ఇవ్వను. మా ఆయన పక్కనుంటే బేరం చెడగొట్టినట్టు చూస్తాడు. చూడనీ.

దగ్గు సిరప్‌లు కొన్ని దగ్గును అణిచేస్తాయి. న్యుమోనియా అయితే ఊపిరితిత్తుల్లో చేరిన కఫం, చీము బయటికి రావాల్సింది ఆ దగ్గుతోనే. షుగర్ ఫ్రీ సిరప్‌తో ఇంకో తంటా. కొన్నింట్లో చక్కెరకు బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్క కడుపులో పడితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఇక "ఒళ్లు కాలిపోతాంది, పారాసెటమాల్ ఇయ్యి" అంటారు. కుక్కకైనా పిల్లికైనా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు వేడే. చెయ్యి పెట్టి చూస్తే మనకు ఎప్పుడూ జ్వరంలాగే అనిపిస్తుంది. 103 దాటితే అప్పుడు అనుమానించాలి. పిల్లికి మాత్రం పారాసెటమాల్ మాత్ర ఒక్కటే ప్రాణం తీయగలదు. దాని లివర్ ఆ మందును అరిగించుకోలేదు, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది. అసలే ఊపిరాడని పిల్లికి అది వేస్తే ఇంకేముంది?

కుక్క దగ్గిన ప్రతిసారీ న్యుమోనియా కాదు, ఆ మాటా చెప్పాలి. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు పొడిగా ఖంగుఖంగుమని దగ్గుతూ, అన్నం తింటూ, గేటు దగ్గర అరుస్తూ ఉందంటే చాలాసార్లు అది కెన్నెల్ కాఫ్. అది వేరే కుక్కల నుంచి అంటుకుంటుంది, ఎక్కువగా తగ్గిపోతుంది. తిండి మానేసి, మూలన పడుకుని, దగ్గులో తడి చప్పుడు వస్తే మాత్రం భయపడాలి. టీకాలు వేయని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి అదే న్యుమోనియాలోకి దింపుతుంది.

పోయిన చలికాలం మా వెనక వీధి ఆమె వాళ్ల కుక్కను షాపు మెట్ల దాకా నడిపించుకొచ్చింది. ఊరకుక్కే, ఎర్రది, మంచి పుష్టిగా ఉండేది. ఆ రోజు కూర్చోమంటే కూర్చోదు, పడుకోదు. ముంగాళ్లు ఎడం చేసి, మోచేతులు బయటికి పెట్టి, మెడ ముందుకు చాచి నిలబడింది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. డొక్క కొలిమి తిత్తిలా ఆడుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగులో లేవు, పాలిపోయి ఉన్నాయి.

"ఏమన్నా పోసినారా?" అన్నాను.

రెండు దినాల నుంచి దొడ్డికి పోలేదని, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన వాళ్ల అవ్వ తల పైకెత్తి పట్టి ఆముదం పోసిందట. "ఎద్దులకు గొట్టంతో ఎన్నితూర్లు పోసినాం మేము, ఏం కాలేదే" అని అవ్వ వాదన. పశువుల డాక్టర్లను అడగండి, ఎద్దులకైనా నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది కాబట్టే దానికి డ్రెంచింగ్ న్యుమోనియా అని ఒక పేరే ఉంది. డ్రెంచింగ్ అంటే ఇలా మందు నోట్లో పోయడమే. తల పైకెత్తితే మింగడం కష్టమవుతుంది. నీళ్లో పాలో శ్వాసనాళంలోకి పోతే కనీసం దగ్గు వస్తుంది. నూనెకు అదీ రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. పిల్లి కడుపులో వెంట్రుకల ఉండ ఉందని నూనె పోసేవాళ్లకూ ఇదే మాట.

ఆటో పిలిచి పంపించాను. ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లగా కమ్మేసి ఉంది. ముందు ఆక్సిజన్, తర్వాత యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. ఇంటికొచ్చాక నెబులైజర్. వాళ్ల పిల్లాడి ఆయాసానికి కొన్న మిషనే ఉండింది, అందులో ఉత్త సెలైన్ మాత్రమే వేయమన్నారు డాక్టరు. ఆవిరి పట్టాక అరచేతిని దోసిలిలా వంచి పక్కటెముకల మీద వెనక నుంచి ముందుకు మెల్లగా తట్టాలి. అరచెయ్యి చదునుగా పడితే చెంపదెబ్బ చప్పుడు వస్తుంది, అది తప్పు. బోలుగా 'డొబ్ డొబ్' మనాలి. తడుతుంటే కుక్క దగ్గుతుంది. దగ్గాలి కూడా.

ఇంట్లో మీరు చూసుకోగలిగింది ఒకటుంది. జంతువు గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు లేస్తుందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 30 లోపుంటే నిశ్చింత. దాటుతూనే ఉంటే డాక్టరుకు చూపించండి, 40 అయితే తెల్లారేదాకా ఆగొద్దు. పిల్లులు దగ్గడమే తక్కువ, జబ్బు దాచుకోవడంలో ఘనాపాఠీలు. పిల్లి నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే ఇక లెక్కలు అక్కర్లేదు, బుట్టలో పెట్టుకుని పరుగెత్తడమే. ముక్కు మూసుకుపోయి వాసన తెలియక తిండి మానేసే పిల్లికి చేపో చికెనో గోరువెచ్చగా చేసి పెడితే కొంచెమైనా ముడుతుంది. ఆయాసపడుతున్నప్పుడు మాత్రం బలవంతంగా నోట్లో ఏదీ పోయకండి.

ఎర్రకుక్క వారానికల్లా లేచి తోక ఊపింది. వెంటనే ఆమె మిగిలిన యాంటీబయాటిక్ షీట్లు పట్టుకొచ్చింది. "బాగైపోయిందక్కా, ఇవి వాపసు తీసుకో." తీసుకోలేదు. పైకి బాగున్నా లోపల మచ్చ ఇంకా ఉండొచ్చు, మళ్లీ చూసి డాక్టరు ఆపమంటేనే ఆపాలని చెప్పి పంపించాను. డబ్బుల కోసమే వాపసు తీసుకోలేదని అవ్వ ఇప్పటికీ వీధిలో అంటుందట.