దేనికి సారీ, మోరా?

ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. రంగుల నీళ్ల కప్పు రెండోసారి ఒలకబోశాడు. పక్కనున్న అమ్మాయి నోట్‌బుక్ తడిసిపోయింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కిండర్‌గార్టెన్‌లో ఉన్న మీ తమ్ముడే నీకంటే నయం" అన్నాను. క్లాసంతా విన్నది. వాడు ఏడవలేదు. మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయలేదు.

2022 సెప్టెంబర్ మాట ఇది. న్యూజెర్సీలో ఒక యూదుల బడిలో మూడో తరగతికి అసిస్టెంట్ టీచర్‌గా చేరి అప్పటికి నెల కూడా కాలేదు. ఉద్యోగానికి వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, పని చేసుకునే కార్డు చేతికందాక దొరికిన మొదటి ఉద్యోగం. మాది తెనాలి. మా చిన్నప్పుడు పిల్లల్ని పక్కవాడితో పోల్చి తిట్టడం తప్పని ఎవరూ అనుకోలేదు. నన్నూ అలాగే తిట్టారు.

ఆ సాయంత్రం మా క్లాసు టీచర్ నన్ను పక్కకు పిలిచారు. యాభై దాటిన మనిషి. ఈ బడిలో టీచరమ్మని ‘మోరా’ అంటారు, హీబ్రూ మాట. ఆవిడ గొంతు పెంచలేదు. "తాల్ముద్ అనే మా ధర్మగ్రంథంలో ఒక మాట ఉంది. నలుగురిలో ఒకరిని సిగ్గుపడేలా చేయడం రక్తం చిందించడంతో సమానమని. ఎందుకంటే ఆ మనిషి ముఖంలో ఎరుపు పోయి తెలుపు వస్తుంది. ఆ పిల్లాడి ముఖం చూశారా?" అన్నారు. చూశాను. తెల్లబోయింది. మన భాషలోనూ ఆ మాట అదే.

మర్నాడు పొద్దున వాడి బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని "సారీ నాన్నా" అన్నాను.

"దేనికి సారీ, మోరా?" అని అడిగాడు.

ఆటపట్టించడానికి కాదు. వాళ్లకి నేర్పిన పద్ధతే అది. నాకు గొంతు పెగలడానికి కాసేపు పట్టింది. "అందరి ముందు నిన్ను మీ తమ్ముడితో పోల్చాను. అది తప్పు" అన్నాను. వాడు ఆలోచించి, "మళ్లీ నీళ్లు ఒలికితే?" అన్నాడు. "నీ దగ్గరికొచ్చి మెల్లగా చెప్తాను. ఇద్దరం కలిసి తుడుద్దాం." సరేనని తల ఊపి బొమ్మ గీసుకోవడంలో పడ్డాడు.

అది ఎలూల్ నెల అని తర్వాత తెలిసింది. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకి ముందు వచ్చే నెల. పొద్దున ప్రార్థనలో పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదుతారు. ఆ నెలంతా ఎవరి లెక్క వాళ్లు చూసుకోవాలి. రోష్ హషానాతో కలిపి లెక్కేస్తే పదోనాడు యోమ్ కిప్పూర్, ఉపవాసం. దేవుడి పట్ల చేసిన తప్పుల్ని ఆ రోజు కడిగేస్తుంది. సాటి మనిషికి చేసిన తప్పుని మాత్రం కడగదు. ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఒప్పించుకోవాల్సిందే. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు దీనికి నియమాలే రాశాడు. అవతలి వాళ్లు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితుల్ని తీసుకుని వెళ్లాలి. అప్పటికీ కాకపోతే రెండోసారి, మూడోసారి. ఇక పశ్చాత్తాపం పూర్తయిందని ఎప్పుడు తెలుస్తుందంటే, అదే పరిస్థితి మళ్లీ ఎదురై, చేసే వీలుండి కూడా చేయనప్పుడు. "మళ్లీ నీళ్లు ఒలికితే?" అని ఆ పిల్లాడు అడిగింది సరిగ్గా ఇదే.

అమెరికా బడుల్లో ఇప్పుడు సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ అనే మాట బాగా వినిపిస్తుంది. 1994లో మొదలైన కాసెల్ అనే సంస్థ దీన్ని అయిదు నైపుణ్యాలుగా చెప్తుంది. తన మనసు తను గుర్తుపట్టడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, కలిసి మెలగడం, మంచీచెడూ చూసి నిర్ణయం తీసుకోవడం. మా క్లాసు గోడ మీదా నాలుగు రంగుల చార్టు ఉంది. కోపమొస్తే ఎరుపు, దిగులుగా ఉంటే నీలం. పొద్దున్నే పిల్లలు తమ పేరున్న క్లిప్పుని ఏదో ఒక రంగుకి తగిలిస్తారు. ఆ చార్టు మీద నాకు అంత నమ్మకం లేదు. కొందరు పిల్లలకి అది హాజరు పట్టీలా తయారవుతుంది, నీలానికి తగిలించేసి తమ పని అయిపోయిందనుకుంటారు. కొందరికి రోజూ తన మనసుకి పేరు పెట్టి చెప్పడమే భారం. ఎలూల్ అలా కాదు. అది ఇంట్లో ఉంది, ప్రార్థనలో ఉంది, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఆ నెలలో ఎవరికో ఫోన్ చేసి క్షమించమని అడుగుతారు. పిల్లలు అది చూస్తారు.

మిద్దోత్ అని ఇంకోటుంది. అంటే గుణాలు. మా క్లాసులో వారానికో గుణం తీసుకుంటాం. ఓర్పు, నిదానం, మౌనం, ఇలా. రాత్రి పడుకోబోయే ముందు చిన్న నోట్‌బుక్‌లో ఆ రోజు ఎక్కడ తప్పామో ఒక చుక్క పెట్టుకోవాలి. దీని పుట్టుక గురించి మోరా చెప్తే ఆశ్చర్యపోయాను. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 గుణాలు రాసుకుని, వారానికొకటి చొప్పున ఏడాదిలో నాలుగు చుట్లు సాధన చేశాడు. తూర్పు ఐరోపాలో మెండెల్ లెఫిన్ అనే యూదు పండితుడు ఆ పద్ధతిని హీబ్రూలోకి తెచ్చాడు. 19వ శతాబ్దంలో లిథువేనియాలో ఇస్రాయెల్ సలాంటర్ అనే రబ్బీ, అంటే మతగురువు, మొదలుపెట్టిన ముస్సార్ అనే నడవడిక దిద్దుకునే ఉద్యమం దాన్ని తలకెత్తుకుంది. ఫిలడెల్ఫియా మాకు పక్క రాష్ట్రంలోనే ఉంది. ఆ నోట్‌బుక్ మాత్రం సముద్రం దాటి వెళ్లి, ఇన్నేళ్లకి తిరిగొచ్చి మా మూడో తరగతి బల్లల మీద కూర్చుంది.

ఈ పిల్లలకి ఇవన్నీ కావాలి కూడా. మా గేటు దగ్గర తుపాకీతో కాపలా ఉంటుంది. 2018 అక్టోబర్ 27న, శనివారం ప్రార్థన వేళ, పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఒకడు 11 మందిని కాల్చి చంపాడు. ఎవరైనా తుపాకీతో చొరబడితే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ చేసినప్పుడు లైట్లు ఆర్పి గోడవారగా పిల్లల్ని కూర్చోబెడతాం. భయపడొద్దని మోరా చెప్పరు. "మీ పొట్టలో ఎలా ఉందో పక్కనున్న వాళ్ల చెయ్యి పట్టుకుని చెప్పండి, గుసగుసగా" అంటారు. మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నది ఆ నీళ్లు ఒలకబోసిన పిల్లాడే.

2024 చలికాలంలో మా క్లాసు అబ్బాయి వాళ్ల తాతగారు పోయారు. వాళ్లమ్మ షివా కూర్చున్నారు, అంటే అయినవాళ్లు పోతే ఇంట్లోనే ఏడు రోజులు పాటించే సంతాపం. టీచర్లందరం వెళ్లాం. తలుపు తీసే ఉంది, ఎవరూ తట్టక్కర్లేదు. అద్దాల మీద గుడ్డలు కప్పారు. ఆవిడ ఎత్తు తక్కువ పీట మీద కూర్చున్నారు. చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు మాట్లాడకూడదు. ఆవిడ నోరు విప్పేదాకా ఊరికే కూర్చోవాలి. పది నిమిషాలు కూర్చున్నాం. అప్పుడు ఆవిడ వాళ్ల నాన్న ఉప్పు చేపలు ఎంత ఇష్టంగా తినేవారో చెప్పడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి బడికొచ్చే ముందు రోజు కౌన్సెలర్ మా పిల్లలకీ అదే చెప్పారు. ఏం జరిగిందని అడగకండి, పక్కన కూర్చోండి, వాడు చెప్తే వినండి.

నేను మా నాన్న దగ్గర అలా కూర్చోలేదు. 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. ఆ నెల 4 నుంచి, ఇండియా నుంచి వచ్చేవాళ్లలో అమెరికా పౌరులు కాని చాలామందిని అమెరికా ఆపేసింది. వెళ్తే తిరిగి రావడానికి దారి లేదు, పాపకి మూడేళ్లు. అంతా ఫోన్‌లోనే చూశాను. ఆ రాత్రి తమ్ముడితో, "రెండు రోజులు ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్లుంటే బతికేవారు" అన్నాను. వాడేం మాట్లాడలేదు. దినాలయ్యాక "ఏదో బాధలో అన్నానురా" అంటే "పోనీలే అక్కా" అన్నాడు.

మా ఇంట్లో సారీ అన్నది బయటివాళ్లకే. బస్సులో కాలు తొక్కితే చెప్తాం. అమ్మ మీద అరిస్తే చెప్పం, కాసేపాగి వంటింట్లోకెళ్లి "ఏం కూర?" అని అడుగుతాం. అమ్మ కంచం పెడుతుంది. పోనీలే అన్నట్టే. ఆ మాటంటే నాకు ప్రేమ, అందులో పెద్ద మనసుంది. కానీ అన్నవాళ్ల లోపల అది నిజంగా పోయిందో లేదో తిరిగి అడగం.

2025 ఎలూల్‌లో ఒక శుక్రవారం రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి శనివారం పొద్దున, సెలవు. "నాన్న పోయిన రాత్రి నీ వల్లే పోయారన్నట్టు మాట్లాడాను. అక్కడ లేని నేను, ఉన్న నిన్ను అన్నాను. అది తప్పు. క్షమించరా" అన్నాను. పోనీలే అంటాడని ఎదురుచూశాను.

అనలేదు. చాలాసేపటికి, "నాలుగేళ్లయింది అక్కా. ఆ మాట గుర్తురాని రోజు లేదు" అన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. బెడ్ కోసం ఎన్ని చోట్లకి తిరిగాడో, ఎవరెవరికి ఫోన్ చేశాడో, ఆక్సిజన్ సిలిండర్ బండి మీద ఎలా పట్టుకొచ్చాడో, కారులో నాన్న ఏమన్నారో. ఇవేవీ నాకు తెలియవు. గంటన్నర మాట్లాడాడు. నేను మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు.