టేబుల్లో కొట్టిన మార్కులు ఎక్కడికి పోతున్నాయి?

ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ల మార్కుల ఎంట్రీ స్క్రీన్ నేను చూసుకుంటున్నాను. జావాలో వెబ్ పేజీలు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్ అపాచీ వికెట్‌లో రాసింది. సెక్షన్‌కి 60 మంది. వరుసకి ఒక రోల్ నంబరు, పేరు, పక్కన మిడ్ మార్కులు కొట్టే బాక్సు. గరిష్ఠం 30. లెక్చరర్లు పేపర్ల కట్ట పక్కన పెట్టుకుని, ట్యాబ్ నొక్కుకుంటూ చకచకా కొట్టేస్తారు. ఎక్కడో ఒకచోట 23 బదులు 233 పడుతుంది. అప్పుడు ఆ ఒక్క బాక్సు దిద్దుకుంటే సరిపోవాలి. కానీ ఈ స్క్రీన్ నా చేతికొచ్చేనాటికి, సేవ్ నొక్కగానే 60 బాక్సులూ ఖాళీ అయిపోయేవి. ఎర్రర్ కూడా కనిపించేది కాదు.

తప్పు ఫారంలో లేదు. వికెట్ ఫారం ముందు కొట్టినదాన్ని నంబరుగా మారుస్తుంది, తర్వాత రూల్స్ చూస్తుంది, అన్నీ సరిగ్గా ఉంటేనే మోడల్‌లో, అంటే అసలు డేటాని పట్టుకునే ఆబ్జెక్టులో, పెడుతుంది. ఒక్కటి తప్పినా దేన్నీ ముట్టుకోదు. అప్పటిదాకా మనం కొట్టిన అక్షరాలు ఆ టెక్స్ట్‌ఫీల్డ్ కాంపొనెంట్ (బాక్సుకి సర్వర్‌లో ఉండే ఆబ్జెక్టు) దగ్గరే ఉంటాయి. ఇబ్బందంతా టేబుల్ వరుసల్ని తయారుచేసే లిస్ట్‌వ్యూ కాంపొనెంట్‌తో. పేజీ మళ్లీ గీసే ప్రతిసారీ అది పాత వరుసలన్నీ తీసిపారేసి కొత్తవి తయారుచేస్తుంది. టెక్స్ట్‌ఫీల్డ్ పోయాక అందులో ఉన్నదీ పోయినట్టే. వికెట్ 6 నుంచి ఎర్రర్ మెసేజీలు కూడా కాంపొనెంట్‌తోనే ఉంటాయి కాబట్టి అవీ దానితోపాటే పోతాయి.

దీనికి మందు ఒక్క లైను: సెట్‌రీయూజ్‌ఐటమ్స్‌కి ట్రూ ఇవ్వడం, అంటే పాత వరుసల్నే మళ్లీ వాడమని చెప్పడం. ఫారంలో లిస్ట్‌వ్యూ పెడితే ఇది తప్పనిసరి అని ఆ క్లాసు డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేను ఆగొద్దంటాను.

ఎందుకంటే లిస్ట్‌వ్యూకి తెలిసింది వరుస సంఖ్య మాత్రమే. ఆ వరుసలో ఉన్నది ఎవరో దానికి తెలియదు. లిస్టు ప్రతి రిక్వెస్టుకీ డేటాబేస్ నుంచి కొత్తగా వస్తోందనుకోండి. లెక్చరర్ ఇంకా కొడుతూ ఉండగానే ఆఫీసువాళ్లు వేరే సెక్షన్ నుంచి ఒక అబ్బాయిని ఇందులోకి మార్చారు. రోల్ నంబరు ప్రకారం అతను పదో వరుసలో కూర్చున్నాడు. సేవ్ నొక్కగానే, లెక్చరర్ పదో వరుసలో కొట్టిన 28 ఆ కొత్త అబ్బాయికి పడుతుంది, పదకొండులో కొట్టింది ఇంతకుముందు పదో వరుసలో ఉన్నవాడికి పడుతుంది. అక్కడినుంచి కిందివాళ్లందరి మార్కులూ ఇలాగే ఒక్కో మెట్టు జరుగుతాయి. అన్నీ 30 లోపే కాబట్టి ఎర్రర్ రాదు, ఎవరికీ అనుమానమూ రాదు. బాక్సులు ఖాళీ అయితే లెక్చరర్ ఫోన్ చేసి అరుస్తారు, మనకి తెలుస్తుంది. ఇది మాత్రం మార్కుల మెమోలోకి వెళ్లిపోతుంది. నాకు అసలు టెన్షన్ దీనితోనే.

అందుకే సేవ్ అయ్యే టేబుల్ దేనికైనా నేను లిస్ట్‌వ్యూ బదులు రిఫ్రెషింగ్‌వ్యూ అనే ఇంకో వికెట్ కాంపొనెంట్ వాడతాను. వరుసకో మోడల్ ఇస్తాను, ఆ మోడల్ విద్యార్థి ఐడీని పట్టుకుని ఉంటుంది. రీయూజ్‌ఇఫ్‌మోడల్స్‌ఈక్వల్ స్ట్రాటజీ పెడితే, మోడల్ అదే అయినంతవరకూ పాత వరుసనే, అందులో కొట్టిన అంకెతో సహా, ఉంచుతుంది. మధ్యలో ఎవరు చేరినా, ఆర్డర్ మారినా 28 ఎవరిదో వాళ్లకే పడుతుంది. మోడల్‌లో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ (రెండు ఆబ్జెక్టులు ఒకటేనా అని జావా పోల్చడానికి వాడే మెథడ్లు) ఐడీ మీద రాయాలి. రాయకపోతే ఏ మోడలూ ఇంకోదానితో కలవదు, మళ్లీ అన్నీ కొత్త వరుసలే. కంపైలర్ ఏమీ అనదు కాబట్టి కోడ్ రివ్యూలో నేను మొదట వెతికేది ఇదే.

జావాలోనే ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జేఎస్‌ఎఫ్‌లో డేటాటేబుల్ వాడేవాళ్లు తమకిది పట్టదనుకోకండి. అక్కడ అన్ని వరుసలకీ కలిపి కాంపొనెంట్లు ఒకటే సెట్టు, వరుస సంఖ్యను బట్టి అందులో విలువలు మారుతుంటాయి. రెండు రిక్వెస్టుల మధ్య లిస్టు మారితే అక్కడా ఇదే గొడవ.

వరుస తీసేసే బటన్ ఉంటే మామూలు లింక్ పెట్టకండి. అది ఫారంని పంపదు, మిగతా వరుసల్లో కొట్టినవన్నీ పోతాయి. ఫారంని కూడా పంపే సబ్మిట్‌లింక్ పెట్టి, సెట్‌డిఫాల్ట్‌ఫారంప్రాసెసింగ్‌కి ఫాల్స్ ఇవ్వండి. కొట్టినవన్నీ సర్వర్‌కి చేరతాయి, రూల్స్ మాత్రం చూడదు.

టెస్టింగ్‌కి రెండు బ్రౌజర్లు తెరవండి. ఒకదాంట్లో సగం మార్కులు కొట్టి వదిలేయండి. రెండోదాంట్లో లిస్టు మధ్యలో ఒక విద్యార్థిని చేర్చండి. మొదటిదానికి తిరిగొచ్చి ఒక 233 కూడా కొట్టి సేవ్ నొక్కండి. ఎర్రర్ కనిపించాలి, కొట్టిన ప్రతి అంకె తన రోల్ నంబరు పక్కనే ఉండాలి.