మన రాయి, డాలర్లు

ఆదివారం కదా, దొనకొండలో మామయ్య వాళ్ళింట్లో ఊరికే కూర్చోబుద్ధి కాక బావ బండి మీద చందవరం పోయొచ్చాం. "ఏముందిరా అక్కడ, ఇటికెలు తప్ప" అన్నాడు బావ, కిక్కు కొడుతూనే. ఇంటిపక్కనున్న దేన్ని గురించైనా మనవాళ్ళది అదే మాట.

అక్కడి కొండ పేరు సింగరకొండ. అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి ఉన్నది కాదు, ఇది వేరే. దాని మీద బౌద్ధుల మహాస్తూపం, రెండు అంచెలుగా కట్టింది, శాతవాహనుల నాటిది. 1964లో గానీ దీని సంగతి బయటపడలేదు. కాశీ నుంచి కంచికి నడిచిపోయే వాళ్ళకి ఇది మజిలీ అంటారు. ఆ ఎండలో చెమట తుడుచుకుంటుంటే నిజమేననిపించింది. చుట్టూ మెట్ట, పక్కన గుండ్లకమ్మ. ఇక్కడ కాకపోతే ఎక్కడ ఆగుతారు?

ఇటికెలు దగ్గరగా చూశా. నా రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినా ఒక ఇటికె పూర్తిగా మూసుకోలేదు. వరసల సందుల్లో మొలిచిన గడ్డి ఎండిపోయి గుచ్చుకుంటోంది. ఒక ఇటికె అంచు పట్టుకుని చీమలు బారుగా పోతున్నాయి.

నీడన కూర్చున్నాక బావకి పలక సంగతి చెప్పా. బుద్ధుణ్ణి కొలిచే భక్తుల్ని చెక్కిన సున్నపురాయి పలక ఒకటి ఇక్కణ్ణుంచి దొంగలపాలై, దేశాలు దాటింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ వాళ్ళు దాన్ని 6 లక్షల అమెరికా డాలర్లకి కాస్త తక్కువకి కొన్నారు. అది ఇక్కడిదేనని చూపించే పాత ఫోటో బయటపడ్డాక, 2016లో మన దేశానికి తిరిగిచ్చేశారు.

"డాలర్లా? మన రాయికా?" బావ లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా సిగరెట్ పెట్టె ఆనించి పెట్టిన రాతి వైపు చూసి, పెట్టె తీసి జేబులో వేసుకున్నాడు. డబ్బు లెక్క చెబితే గానీ మర్యాద రాదు మనకి, నాతో సహా.

పట్టించింది ఫోటోనే కాబట్టి నేను కనబడిన ప్రతి రాయినీ ఫోన్లో తీస్తూ పోయా. చెక్కడం ఉన్నదాన్నీ, లేనిదాన్నీ. బావకి విసుగొచ్చింది. "రాళ్ళకేనా, నాకూ ఒకటి తియ్యి" అన్నాడు. స్తూపం ముందు నిలబెట్టి తీశా, కళ్ళజోడు పెట్టుకుని మరీ. కొండ దిగేలోపే స్టేటస్ పెట్టేశాడు: "మా స్తూపం. రేటు అడక్కండి."