స్పేరు ఉంది, ఈ ఓడకు పట్టదు

యుద్ధనౌకలకు సామాను బజారులో కొనాలా, ప్రత్యేకంగా చేయించాలా అని వాదించుకునేవాళ్లు ధర దగ్గరే ఆగిపోతారు. విశాఖలో ఓడల రీఫిట్ (విప్పి బాగుచేసే) పనుల్లో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా బతుకు గడిపిన నాకు ధర కన్నా ముందు విడిభాగాలిచ్చే స్టోర్స్ కౌంటరు గుర్తుకొస్తుంది. ‘స్పేరు ఉంది, ఈ ఓడకు పట్టదు’ అన్న మాట అక్కడ విన్నన్ని సార్లు ఇంకెక్కడా వినలేదు.

మన నౌకాదళంలోని బ్రిటిష్ వరస ఓడల్లో కరెంటు 440 వోల్టులు, 60 సైకిళ్లు (హెర్ట్జ్). సోవియట్ ఓడల్లో 380, 50. యాభై సైకిళ్ల మోటారును అరవై మీద పెడితే వెంటనే కాలిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. కాలదు. వోల్టేజీ కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరిగింది కాబట్టి హాయిగా తిరుగుతుంది. అదే మోసం! నిమిషానికి 1500 చుట్లు తిరగాల్సినది 1800 దగ్గరకు పోతుంది. దానికి సెంట్రిఫ్యూగల్ పంపు తగిలించి ఉంటే, వేగం ఐదో వంతు పెరిగేసరికి మోటారు మీద భారం 1.7 రెట్లవుతుంది. కాసేపటికి వైండింగు (తీగచుట్ట) వార్నిషు కాలే వాసన మొదలవుతుంది.

1983లో నౌకాదళంలో చేరిన గోదావరి అనే ఫ్రిగేట్ రకం యుద్ధనౌకలో రెండు వంశాలూ ఒకే కప్పు కింద కాపురం పెట్టాయి. ఆవిరి ఇంజన్లు బ్రిటిష్ లియాండర్ ఓడల వరసవి, క్షిపణులు సోవియట్‌వి, హెలికాప్టర్లు బ్రిటిష్ సీకింగ్‌లు. రూపకర్తల తెలివికి దండం పెట్టాల్సిందే. స్పేర్లకు ఇండెంటు రాసేవాళ్ల గోడు మాత్రం ఎవరికీ పట్టదు.

బజారు సరుకుకు అమెరికా జలాంతర్గామి కొలరాడోను ఉదాహరణగా చూపిస్తారు. నీటి పైకి చూసే కెమెరా మాస్టును తిప్పడానికి 38,000 డాలర్ల పరికరం బదులు ముప్పై డాలర్ల లోపు ఎక్స్‌బాక్స్ 360 వీడియోగేమ్ కంట్రోలర్ పెట్టారు. మంచి పనే. అయితే ఆ జలాంతర్గామి 2018లో చేరింది, ఎక్స్‌బాక్స్ 360 తయారీని మైక్రోసాఫ్ట్ 2016లోనే ఆపేసింది. ఓడ మూడు దశాబ్దాలు ఉంటుంది, బజారు అంతకాలం ఆగదు. అయినా అక్కడ పని ఆగదు, ఎందుకంటే ప్లగ్గు యూఎస్‌బీ. సాఫ్ట్‌వేర్ కాస్త సర్దితే మరొకటి తగిలించుకోవచ్చు.

అందుకే టెండరులో కంపెనీ పేరు మీద పట్టు నాకు నచ్చదు. వోల్టేజీ, సైకిళ్లు, ఫ్లాంజికి (పైపులు కలిపే అంచుకు) బోల్టు రంధ్రాల దూరం, ప్లగ్గు ఆకారం ఖాయం చేసి అన్ని ఓడలకూ అవే ఉంచండి. పంపు ఎవరిదైనా కొనండి. అదురుకు తట్టుకుంటుందో లేదో చూసే షాక్ పరీక్ష మాత్రం వదలకండి. నీటి అడుగున పేలుడు జరిగితే ఆ అదురుకు పోత ఇనుము కాళ్లు పుటుక్కున విరుగుతాయి. ఉక్కు కాళ్లు వేయించి, రబ్బరు మౌంటుల మీద కూర్చోబెట్టే ఖర్చును కూడా బజారు ధరలో కలిపాకే చవకో కాదో చెప్పాలి.