ల్యాబ్ సార్, కనబడని ఎనిమిదో పార్టిషన్

మన కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సార్ పేరు ఏ మార్కుల మెమోలోనూ ఉండదు. ఆయన లెక్చరర్ కాదు, ల్యాబ్ చూసుకునేవారు, మనం లోపలికి పోయే ముందే మిషన్లు ఆన్ చేసి పెట్టి, అందరం పోయాక తాళం వేసుకొని వెళ్ళేవారు. ఇప్పుడు నేను కరీంనగర్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. ఈ పనికి కావలసిన అసలు చదువు నాకు ఆయన దగ్గరే దొరికింది, అందుకే ఈ సంచికలో ఆయన గురించే రాస్తున్నాను.

2011 ఫిబ్రవరి గుర్తుందా? తెలంగాణ కోసం సహాయ నిరాకరణ మొదలైన నెల. బంద్ పిలుపు వచ్చిందంటే హనుమకొండ చౌరస్తాలో షట్టర్లు దిగేవి, బస్సులు ఉండేవి కావు, క్లాసులు ఎప్పుడు జరుగుతాయో ఎవరికీ తెలియదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పని మాత్రం ఆగలేదు. మా టీమ్ మొత్తానికి ఉన్నది ఒకటే సిస్టమ్, నక్కలగుట్టలో మా స్నేహితురాలి ఇంట్లో ఉండేది. 160 జీబీ డిస్క్‌ను పార్టిషన్లుగా, అంటే విడివిడి భాగాలుగా చేసి ఉంచారు: సీ డ్రైవ్‌లో విండోస్ ఎక్స్‌పీ, తర్వాత డీ, ‘ఈ’ డ్రైవ్‌లు, వాటి వెనకాల ఉబుంటు 10.04 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. మా కోడ్, రిపోర్టు, డేటాబేస్ అన్నీ ఉబుంటులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీ చాలా పాతది.

ఇంట్లో వాళ్ళ అన్నకు డీ డ్రైవ్‌లో చోటు చాలలేదు. ‘ఈ’ డ్రైవ్ ఖాళీగానే ఉంది కదా అని ఎక్స్‌పీలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి దాన్ని డిలీట్ చేశాడు. ఆయన దృష్టిలో అది ఖాళీ డబ్బా, అందులో ఒక్క ఫైలూ లేదు. రీస్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద రెండే లైన్లు: ‘ఎర్రర్: నో సచ్ పార్టిషన్’, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’. గ్రబ్ అంటే మిషన్ ఆన్ కాగానే ఉబుంటు కావాలా, ఎక్స్‌పీ కావాలా అని మెనూ చూపించే ప్రోగ్రామ్. ఇప్పుడు ఉబుంటూ లేదు, ఎక్స్‌పీ కూడా లేదు.

ఆ టెన్షన్‌లో తలా ఒక మాట. తెలిసిన రిపేర్ షాపతనికి ఫోన్ చేస్తే, బంద్ అయిపోయాక తీసుకురండి, ఫార్మాట్ కొట్టి ఇస్తా అన్నాడు. ఇంకొకరు ఎక్స్‌పీ సీడీ పెట్టి, గ్రబ్ చోట విండోస్ బూట్ కోడ్ రాసే ఫిక్స్ఎంబీఆర్ కమాండ్ కొట్టమన్నారు. దాంతో ఎక్స్‌పీ తిరిగి వచ్చేదే, కానీ ఉబుంటులోకి పోయే దారి మూసుకుపోయేది. ఏం చేయాలో తెలియక సీపీయూను స్కూటీ మీద ముందర పెట్టుకొని, బంద్ రోజే, కాలేజీకి తీసుకుపోయాం. పిల్లలు ఎవరూ లేకపోయినా సార్ ల్యాబ్‌లోనే ఉన్నారు.

ఆయన మానిటర్ తగిలించి ఆన్ చేసి, ఆ రెండు లైన్లు చదివి, కీబోర్డు పక్కకు జరిపి తెల్ల కాగితం తీశారు. "ఏం గాలే బిడ్డా, మీ డేటా యాడికి పోలే. ముందుగాల డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకుండ్రి" అన్నారు. తర్వాత మా స్నేహితురాలిని కూర్చోబెట్టి, ఇంతకుముందు ఏ డ్రైవ్ తర్వాత ఏది ఉండేది, ఏది ఎంత సైజు, స్వాప్ (మెమరీ చాలనప్పుడు ఉబుంటు వాడుకునే చోటు) ఎక్కడ పెట్టారు అని ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద గీతలు గీశారు. మిషన్ బాగుచేయడానికి పట్టిన సమయం కంటే ఆ కాగితానికి పట్టిన సమయమే ఎక్కువ.

ఆయన చెప్పింది ఇది. పాత పద్ధతి డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు మిషన్ ఆన్ కాగానే నడిచే బూట్ కోడ్, 64 బైట్లు పార్టిషన్ టేబుల్, చివరి 2 బైట్లు గుర్తు. ఆ 64 బైట్లలో ఒక్కో పార్టిషన్‌కు 16 చొప్పున నాలుగింటికే చోటు, అందుకే ఆ టేబుల్‌లో ఉండే ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు. ఎక్కువ కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి దాని లోపల లాజికల్ పార్టిషన్లు పెట్టుకోవాలి, లైనక్స్‌లో వాటి నంబర్లు ఐదు నుంచి మొదలవుతాయి. మా దాంట్లో డీ ఐదు, ‘ఈ’ ఆరు, స్వాప్ ఏడు, ఉబుంటు ఎనిమిది. ఈ లాజికల్ పార్టిషన్ల వివరాలు మొదటి సెక్టార్‌లో ఉండవు, ఒకదాని నుంచి ఇంకొకదానికి గొలుసులా ఉంటాయి, నంబర్లు ఆ వరుసను బట్టే వస్తాయి. మధ్యలో ఆరు తీసేస్తే స్వాప్ ఆరైంది, ఉబుంటు ఏడైంది. గ్రబ్ మాత్రం ఇన్‌స్టాల్ చేసిన రోజు రాసుకున్న ఎనిమిదినే వెతుకుతోంది. ఇల్లు అక్కడే ఉంది, డోర్ నంబర్ మారింది, పోస్ట్‌మ్యాన్ పాత నంబర్ పట్టుకొని తిరుగుతున్నాడు అన్నారు సార్. ఎక్స్‌పీ కూడా ఎందుకు రాలేదో అప్పుడే అర్థమైంది. ఎక్స్‌పీకి ఏమీ కాలేదు, కానీ దాన్ని పిలవాల్సిన మెనూ ఆ ఉబుంటు పార్టిషన్‌లోనే ఉంది.

కాగితం పూర్తయ్యాకే కీబోర్డు ముందరికి వచ్చింది. ఎల్ఎస్ అని కొడితే ఉన్న పార్టిషన్లన్నీ కనబడ్డాయి: ఒకటి, ఐదు, ఆరు, ఏడు. ఒక్కొక్క దాని లోపలికి తొంగిచూస్తే ఒకటి, ఐదు, ఆరు ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అన్నాయి. నేను భయపడితే, గ్రబ్ ఆ దశలో విండోస్ డ్రైవ్‌ల ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌ను చదవలేదు, స్వాప్‌లో చదవడానికి ఏమీ ఉండదు, అందుకే అట్లా అంటుందన్నారు. ఏడో దాంట్లో బూట్, ఈటీసీ, హోమ్ అని ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. హోమ్ అన్న మాట చూసి మా స్నేహితురాలు ఏడ్చేసింది.

తర్వాతి పని చిన్నది. ప్రిఫిక్స్‌ను, అంటే గ్రబ్ తన ఫైళ్ళు వెతుక్కునే దారిని, ఏడో పార్టిషన్‌లోని బూట్ గ్రబ్ ఫోల్డర్‌కు సెట్ చేసి, రూట్ కూడా ఏడు అని చెప్పి, ఇన్‌స్మాడ్ నార్మల్, ఆ తర్వాత నార్మల్ అని కొట్టారు. మెనూ వచ్చేసింది. ఉబుంటు లోపల మళ్ళీ చిక్కు రాలేదు, ఎందుకంటే అది పార్టిషన్లను నంబర్‌తో కాకుండా యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది, నంబర్ మారినా యూయూఐడీ మారదు. అయితే ఇప్పుడు చేసిందంతా ఆ ఒక్కసారికే పనికొస్తుంది, ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే గ్రబ్ తిరిగి ఎనిమిదినే అడుగుతుంది. అందుకని లోపలికి పోగానే టెర్మినల్‌లో గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ రెండూ చేయించారు. గ్రబ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్‌డీఏ అని మొత్తం డిస్క్ పేరే ఇవ్వాలి, ఎస్‌డీఏ7 అని పార్టిషన్ పేరు ఇవ్వొద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఇక్కడ తికమక పడేవాళ్ళు నాకు ఇప్పటికీ కనబడుతుంటారు.

ఇంటికి పోయే ముందు ప్రాజెక్టు ఫోల్డర్ సీడీలో రాయించారు. ఎస్ఎఫ్‌డిస్క్ కమాండ్‌తో పార్టిషన్ టేబుల్ మొత్తాన్ని టెక్స్ట్ ఫైలుగా తీసి ప్రింట్ కూడా ఇచ్చారు. మొదటి 512 బైట్లు కాపీ చేసుకుంటే చాలదా సార్ అని అడిగాను. లాజికల్ పార్టిషన్ల గొలుసు అందులో ఉండదు కదా అన్నారు. పైగా టేబుల్ మారాక పాత 512 బైట్లు తెచ్చి మీద రాస్తే కొత్త టేబుల్ పోతుంది, బూట్ కోడ్ ఒక్కటే కావాలంటే 446 బైట్లే రాయాలి. ఈ ఒక్క తేడా తెలియడం వల్ల ఉద్యోగంలో నేను కాపాడుకున్నవి తక్కువేమీ కాదు.

సార్ పట్టుబట్టే విషయం ఇంకొకటి ఉండేది, కరెంటు. పార్టిషన్ డిలీట్ చేస్తే మారేది టేబులే, వెంటనే ఆగితే తిరిగి తెచ్చుకోవచ్చు, టెస్ట్‌డిస్క్ లాంటి టూల్స్ ఉన్నాయి. పార్టిషన్ మొదలును జరిపితే మాత్రం లోపలి డేటా అంతా చోటు మారాలి, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే సగం పాత చోట, సగం కొత్త చోట. కోతల టైం తెలిసినా సరే, యూపీఎస్ లేని మిషన్ మీద ఆ పని చేయనిచ్చేవారు కాదు.

ఇప్పుడు వచ్చే లాప్‌టాప్‌ల కథ వేరు. జీపీటీ అనే కొత్త పద్ధతి డిస్క్‌లో మామూలుగా 128 పార్టిషన్లకు చోటు ఉంటుంది, టేబుల్‌కు ఇంకో కాపీ డిస్క్ చివర ఉంటుంది, లాజికల్ గొలుసు గొడవే లేదు. బూట్ ఫైళ్ళు ఈఎఫ్ఐ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటాయి. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, సైజు కూడా చిన్నది, అందుకే పనికిరానిదనుకొని తీసేస్తారు. మొన్న హంటర్ రోడ్డు నుంచి మా తమ్ముడి వరస అబ్బాయి ఫోన్ చేసి, "అక్కా, సీ డ్రైవ్ పెంచుదామని పక్కన ఉన్న చిన్న పార్టిషన్ తీసేసిన, ఇగ ఆన్ అయితలేదు" అన్నాడు. ఫార్మాట్ మాటెత్తకు, ఒక కాగితం తీసుకో అన్నాను. గీయించాక చూస్తే విండోస్ పార్టిషన్ చెక్కుచెదరలేదు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి, ఆ ఖాళీ చోటులోనే ఫ్యాట్32తో ఈఎఫ్ఐ పార్టిషన్ మళ్ళీ చేయించి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్ళు రాయించాను. అంతకుముందే, విండోస్ పార్టిషన్ తెరవడానికి బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ కావలసి వచ్చింది, 48 అంకెలు, వాడి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. మన పిల్లల లాప్‌టాప్‌లలో ఆ కీ ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి, పార్టిషన్ల జోలికి పోయే ముందైతే తప్పకుండా.